'డెప్రికేట్' — పదార్థ విచారము

కొన్ని సంవత్సరములకు పూర్వము ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతవ్యాసముపై వచ్చిన పరీక్షకాభిప్రాయమును మాకు చూపి, గ్రంథమునందలి మూడవ ప్రకరణమును సమూలముగా తొలగింపదలచితినని చెప్పెను. అభిప్రాయపత్రము ఆంగ్లమున నుండెను. మూలగ్రంథములను స్వయముగా చూడక, ఇతరులు ఉదాహరించిన భాగములనే తిరిగి ఉదాహరించు పద్ధతిని తాము 'డెప్రికేట్' చేయుచున్నామని పరీక్షకులు అందొక వాక్యమున వ్రాసియుండిరి. విద్యార్థి నిఘంటువు తెరచి చూచెను. నిందించు, గర్హించు, ఖండించు అను అర్థములు కనబడెను. తన కృషి నిందితమైనదనియు, తన వాదము ఖండితమైనదనియు అతడు నిశ్చయించుకొనెను. ఆ పత్రము చివరనే పట్టమునకు అర్హుడను సిఫారసు కలదు. అది అతని మనస్సున కెక్కలేదు.

పరీక్షకులు అతని వాదమును ఖండింపలేదు. ఒక అలవాటును వలదనిరి. ఈ రెంటికిని గల భేదము చిన్నది కాదు. దానిని గుర్తింపనందున రెండేండ్ల శ్రమ నీటిపాలు కావలసివచ్చెను. ఆనాటినుండి ఈ పదమును గూర్చి మేము చేసిన విచారమును విజ్ఞుల ముందుంచుచున్నాము. మా ప్రతిపాదన యిది: 'డెప్రికేట్' ప్రధానముగా నిందావాచకము కాదు, నివారణవాచకము. తెలుగున దానికి తగిన తావు నిందించు, తెగడు అను క్రియల నడుమ లేదు. వలదను, వారించు అను క్రియల సరసన ఉన్నది.

మొదట వ్యుత్పత్తిని చూతము. లాటినున 'ప్రెకారి' అనగా ప్రార్థించుట. 'డె' అను ఉపసర్గ తొలగుటను తెలుపును. రెండును కూడిన 'డెప్రెకారి'కి రానున్న కీడు తొలగునట్లు వేడుకొనుట అని అర్థము. తప్పు మన్నింపుమని కోరుటయు దాని అర్థములలో నొకటి. భాషాశాస్త్రజ్ఞులు 'ప్రెకారి'ని సంస్కృతమునందలి 'ప్రచ్ఛ్' ధాతువునకు సజాతీయముగా నిర్ణయించియున్నారు. పృచ్ఛ, ప్రశ్న అను మన పదములు ఆ ధాతువునుండి వచ్చినవే. మూలార్థము అడుగుట. తెలుగుననూ అడుగుట రెండు విధములు: తెలియనిదాని నడుగుట, కావలసినదాని నడుగుట. సంస్కృతము మొదటిదానిని, లాటిను రెండవదానిని ప్రధానముగా నిలుపుకొన్నవి.

ఆంగ్లమున ఈ క్రియ 17వ శతాబ్ది పూర్వార్ధమున వాడుకలోనికి వచ్చినది. అప్పటి ముఖ్యార్థము ప్రార్థనాపరమైనదే. ఆంగ్ల క్రైస్తవసంఘమువారి 1662 నాటి ప్రార్థనాగ్రంథములో లిటనీ అను భాగము కలదు. అందు పిడుగునుండి, తెవులునుండి, కఱవునుండి, యుద్ధమునుండి తమ్ము విడిపింపుమని సంఘమంతయు భగవంతుని వేడును. ఉపాసనాశాస్త్రమున ఆ విన్నపములకు 'డెప్రికేషన్లు' అనియే పేరు. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సను నిఘంటువుసైతము ప్రార్థనచే తప్పించుకొనుట అనుదానినే ఈ క్రియకు మొదటి అర్థముగా చెప్పినది.

మనకు ఈ భావము క్రొత్తది కాదు. శ్రీరుద్రాధ్యాయమునందలి దశమానువాకమున మా పెద్దలను హింసింపకుము, మా పిన్నలను హింసింపకుము, మా తల్లిదండ్రులను హింసింపకుము అని ఋషి రుద్రుని వేడుచున్నాడు. అందు రుద్రనింద లేదు. రుద్రునియెడ భయము కలదు, భక్తి కలదు, రానున్నదానిని రానీయవలదను ఆర్తి కలదు. 'డెప్రికేట్' అను క్రియకు పుట్టుకయందు గల ఆత్మ యిట్టిది.

ఇట్టి పదము అనంగీకారసూచకముగా మారిన క్రమము ఊహింపదగినదే. ఒకటి రాకుండుగాకయని వేడుకొనువాడు దానిని కీడని తలచుచున్నాడు. కాలక్రమమున సంబోధ్యుడైన దేవుడు వాక్యమునుండి తొలగెను, వేడుకోలు పలుచబడెను, కీడను తలంపు మాత్రము నిలిచెను. ఒక వ్యాపారము తనకు సమ్మతము కాదని తెలుపుట ముఖ్యార్థమైనది. అయినను పూర్వార్థము పూర్తిగా నశింపలేదు. నేటి ప్రయోగములను పరిశీలించినచో దాని జాడలు మూడు కానవచ్చుచున్నవి.

మొదటిది కర్మను బట్టినది. శిష్టప్రయోగమున ఈ క్రియకు కర్మ సాధారణముగా ఒక పని, ఒక అలవాటు, ఒక ధోరణి, మనుష్యుడు కాదు. తొందరపాటును, హింసను, అతిశయోక్తిని డెప్రికేట్ చేయుదురు. రామయ్యనో సోమయ్యనో చేయరు. రెండవది కాలమును బట్టినది. నింద జరిగినదానిని చూచును. ఈ పదము జరిగినదానిని చూచియు ఇకముందు జరుగరాదని కోరును. మూడవది అధికారమును బట్టినది. నిషేధించువానికి శాసింపగల శక్తి కలదు, శిక్షించువానికి దండమున్నది. డెప్రికేట్ చేయువానికి ఈ రెండును లేకపోవచ్చును. ఉన్నను ఆ సమయమున వానిని ప్రయోగింపక నిలిపికొనును.

మన దేశపు న్యాయస్థానముల తీర్పులు దీనికి చక్కని తార్కాణము. ఒక పద్ధతిని తాము డెప్రికేట్ చేయుచున్నామని న్యాయమూర్తులు వ్రాయుట తఱచు. ఊరక వాయిదాలు కోరు అలవాటును అట్లన్నచో, వాయిదా కోరిన న్యాయవాదికి దండనము విధించినట్లు కాదు. అది యికమీద జరుగరాదని తెలిపినట్లు. దండింపగలవాడు దండింపక వలదనుటలో గల గాంభీర్యమే ఈ పదమునకు న్యాయభాషయందు గౌరవము కల్పించినది. దీనిని తెలుగున 'ఖండించెను' అని వ్రాసినచో ధ్వని పెరుగును, 'మందలించెను' అని వ్రాసినచో కర్మ మారిపోవును. ఏలయన మందలింపు మనుష్యునకే గాని పద్ధతికి చెల్లదు.

ఇక అనువాదములందు దీనికి బదులుగా నిలుచు తెలుగు పదములను విమర్శింతము. ఖండించుటలో ముక్కలు చేయుట కలదు. అది వాదమునకు ప్రతివాదము. ఆక్షేపించు, అధిక్షేపించు అనువానిలో విసరుట అను అర్థముగల క్షిప్ ధాతువున్నది. మొదటిది అభ్యంతరము దాకను పోయి ఆగును. రెండవది పరిహాసమును, అవమానమును గూడ చేర్చుకొనును. మన అధిక్షేప శతకములే అందుకు సాక్షి. నిరసించుట మూలమున త్రోసివేయుట. కావ్యభాషలో దానికి తిరస్కారమని అర్థము. నేటి వ్యవహారమున నిరసన అనగా అధికారులకు ఎదురుగా గుమిగూడి తెలుపు అసమ్మతి. త్రోసివేయువాని పదము త్రోసివేయబడినవాని పదమైనదన్నమాట. అర్థపరిణామమున ఇట్టి తలక్రిందులు అరుదు కావు. గర్హించు అనునది వీనిలో కొంత దగ్గరగా నున్నది. కాని అందు నైతికమైన రోత పాలు హెచ్చు. 'డెప్రికేట్'లో రోత ఉండనక్కఱలేదు.

సభాపర్వమునుండి రెండు ఘట్టములను తీసికొన్నచో ఈ భేదము స్పష్టమగును. రాజసూయమున కృష్ణునకు అగ్రపూజ జరిగినప్పుడు శిశుపాలుడు లేచి పలుకుచున్నాడు. రాజులుండగా రాజు కానివానికి ఈ పూజ తగదను మాటవఱకు అది ఆక్షేపణము. ఆ తరువాత మాట పూజను విడిచి కృష్ణునిమీదికి, భీష్మునిమీదికి పోయినది. అది నింద. ద్యూతమునకు ముందు విదురుడు పలుకుట వేఱు. జూదము కులనాశనహేతువని ధృతరాష్ట్రునకు చెప్పుచున్నాడు, వలదనుచున్నాడు. రాజు వినలేదు. రాజాజ్ఞను బట్టి ధర్మరాజును పిలుచుకొనివచ్చుటకు ఆ విదురుడే పోవలసివచ్చెను. తనకు సమ్మతము కానిదానికి తానే దూతయయ్యెను గాని, అది సమ్మతమని ఏనాడును పలుకలేదు. అధికారము లేనివాడు, ప్రేమను విడువనివాడు, ముందుచూపుగలవాడు చేయు అనంగీకార మిది. విదురుని పలుకులను ఒక్క ఆంగ్లక్రియతో చెప్పుమన్నచో మేము 'డెప్రికేట్'నే ఎన్నుకొందుము. దానిని తెలుగున చెప్పుమన్నచో 'వారించెను' అందుము. విదురుడు ధృతరాష్ట్రుని నిందించెనన్నచో ఆ పాత్రయే మారిపోవును.

ఈ పదము విషయమున ఆంగ్లేయులే పడిన చిక్కొకటి కలదు. 'డిప్రీషియేట్' అను వేఱొక క్రియ దీనికి ధ్వనిలో చుట్టము, పుట్టుకలో పరాయి. అది వెల అను అర్థముగల లాటిను 'ప్రెటియుమ్' శబ్దమునుండి వచ్చినది. వెల తగ్గించుట, చులకన చేయుట దాని అర్థము. రూపాయి విలువ తగ్గుటకును, యంత్రముల తఱుగుదలకును లెక్కలలో వాడునది ఇదియే. ఒకటి ప్రార్థనకు, మఱియొకటి వెలకు సంబంధించినవి. అయినను రెండును కలగలసిపోయినవి. 1926లో ఆంగ్లప్రయోగములపై గ్రంథమును వెలువరించిన ఫౌలరు, ఒకదానికి బదులు మఱియొకటి అచ్చున కనబడుచున్నదని హెచ్చరించెను. ఆ హెచ్చరిక ఫలింపలేదు. తన్ను తాను తగ్గించి చెప్పుకొనుట అను అర్థమున పూర్వము 'సెల్ఫ్ డిప్రీషియేషన్' అనుచుండిరి. నేడు ఆ స్థానమును 'సెల్ఫ్ డెప్రికేషన్' ఆక్రమించినది. ఇపుడు దానిని తప్పనువారు మిక్కిలి తక్కువ.

ఆ సమాసమును తెలుగు చేయునపుడు 'ఆత్మనింద' అని వ్రాయుట పొరపాటు. ఆత్మనింద పశ్చాత్తాపమున పుట్టును. రఘువంశారంభమున కాళిదాసు తన్ను తెప్పతో సముద్రము దాటగోరువానితోను, పొడుగువానికి అందు పండునకై చేయి చాచు పొట్టివానితోను పోల్చుకొనెను. అది పశ్చాత్తాపమా? వినయము, చమత్కారము, ఆ వెనుకనే కావ్యమును నడుపగలనను ధైర్యము. 'ఆత్మలాఘవోక్తి' యనియో, 'తన్ను తాను తగ్గించుకొని పలుకుట' యనియో అనుట సముచితము.

పనిని వలదనుటకును, వస్తువును చులకన చేయుటకును గల భేదమును మన శాబ్దికులు ఎఱుగనివారు కారు. పాణిని తృతీయాధ్యాయమున గర్హ గమ్యమానమైనపుడు క్రియకు ఒక విశేషప్రత్యయమును విధించెను. పంచమాధ్యాయమున కుత్సితార్థమున నామమునకు క-ప్రత్యయమును విధించెను. అశ్వకము అనగా గుఱ్ఱపుపేరునకు తగని గుఱ్ఱము. కుత్స యెల్లచోట్ల నామమునకే చెందునని మేము చెప్పుట లేదు. ఈ రెండు విధులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మాత్రము గర్హ చేతను అంటియుండుట, కుత్స వస్తువును అంటియుండుట తోచును. 'డెప్రికేట్' గర్హ వైపున, 'డిప్రీషియేట్' కుత్స వైపున నిలుచుచున్నవి. పొగడుటకు ఎదురైన మన తెగడుట రెండవదానికే సరిపడును.

నవలలను అనువదించువారికి మఱియొక ప్రమాదము పొంచియున్నది. ఆంగ్లనవలలలో పాత్రలు 'డెప్రికేటింగ్'గా నవ్వుట, చేయి ఆడించుట కలదు. అచ్చట ఆ పాత్ర ఎవరిని తప్పుపట్టుట లేదు. ఎదుటివాని కోపమునో, అతిస్తుతినో తనపై పడకుండ తప్పించుకొనుచున్నది. ఇది ప్రాచీనార్థమున కడపటి శేషము. 'నిందాపూర్వకమైన నవ్వు' అని వ్రాసినచో కథ తలక్రిందగును. 'నొచ్చుకొనవలదన్నట్టి నవ్వు', 'అంతమాట వలదన్నట్లు చేయి ఆడించుట' అని సందర్భమును బట్టి వ్రాయవలెను. ఇచ్చటను 'వలదు' అను మాటయే అక్కఱకు వచ్చుట గమనింపదగినది.

గత శతాబ్ది చివర ఈ పదమునకు కంప్యూటరు శాస్త్రమున క్రొత్త జీవితము లభించినది. 1997 డిసెంబరులో ప్రకటితమైన హెచ్.టి.ఎం.ఎల్. 4.0 నిర్దేశములలో ఫాంట్, సెంటర్ మొదలగు కొన్ని అంగములు 'డెప్రికేటెడ్' అని పేర్కొనబడినవి. వానికంటె మేలైన సాధనములు వచ్చినవి కావున వానిని వాడవలదు. అయినను పాత పుటలు చెడకుండుటకై బ్రౌజరులు వానిని గుర్తించుచునే ఉండవలెను అని తాత్పర్యము. పూర్తిగా విడిచిపెట్టబడినవానికి 'అబ్సొలీట్' అను వేఱు సంజ్ఞ కలదు. అదే సంవత్సరము వెలువడిన జావా 1.1లో తేదీలకు సంబంధించిన కొన్ని ఆదేశములను ఇట్లే వలదనిరి. పాతికేండ్లు దాటినను అవి తొలగింపబడలేదు. కనుకనే 2017లో వచ్చిన జావా 9లో, నిజముగా తొలగింపదలచినవానికి ఆ ఉద్దేశమును తెలుపు గుర్తును ప్రత్యేకముగా చేర్చవలసివచ్చినది. ఆ పదము స్వతహాగా తొలగింపును చెప్పదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఈ సాంకేతికార్థమున దానిని 'కాలము చెల్లినది' అని తెలిగించుట తగదు. కాలము చెల్లిన నాణెము అంగడిలో చెల్లదు. డెప్రికేట్ అయిన ఆదేశము నేటికిని పనిచేయును. 'రద్దైనది' అనుట అంతకంటె తప్పు. 'వర్జనీయము' అనునది మేలు. అనగా విడువదగినదే గాని విడువబడినది కాదు. ఇంకను తెలుగుగా చెప్పవలెనన్నచో 'వలదన్నది' అనియే చెప్పవచ్చును. విదురుని మాట కాదనబడినను జూదము జరిగినట్లే, వలదన్న ఆదేశమును కూర్చినను యంత్రము నడచును. కాని హెచ్చరిక చెప్పబడియే ఉండును.

ఇచ్చట ఒక ఆక్షేపణమునకు సమాధానము చెప్పవలసియున్నది. నేటి ఆంగ్లనిఘంటువులు చులకన చేయుట అనుదానిని సైతము ఈ క్రియకు అర్థముగా అంగీకరించుచుండగా, వ్యుత్పత్తిని పట్టుకొని వ్రేలాడుట యెందులకని అడుగవచ్చును. వ్యుత్పత్తి అర్థమునకు శాసనము కాదని మేమును ఒప్పుకొందుము. మా ప్రమాణము పుట్టుక కాదు, ప్రయోగము. న్యాయస్థానమున, నవలయందు, యంత్రభాషయందు ఒకదానితో నొకటి సంబంధము లేని మూడు చోట్లను వలదనుట అను అర్థము సజీవముగా కానవచ్చుచున్నది. చులకన అను అర్థము ముఖ్యముగా 'సెల్ఫ్' అను పూర్వపదము చేరినచోట, దాని ప్రభావమున మఱికొన్నిచోట్ల కలదు. కావున సందర్భమును చూచి నిర్ణయింపవలెనే గాని, నిఘంటువులో మొదట కనబడిన పదమును ఎత్తి వ్రాయరాదు.

ఈ విచారము పరభాషాపదమునకే పరిమితము కాదు. మన భాషాచరిత్రలో వలదనుట చులకనగా మారిన ఉదంతమొకటి కలదు. లక్షణమునకు విరుద్ధమైన భాషకు గ్రామ్యమని చిన్నయసూరి బాలవ్యాకరణమున సంజ్ఞ చేసెను. సంజ్ఞగా చూచినచో అది కావ్యరచనకు పూనినవానికి చేసిన హెచ్చరిక: ఈ రూపములను వాడవలదు. కాని వ్యవహారమున ఆ మాట రూపములను విడిచి వానిని పలుకువారిపైకి ప్రాకెను. గ్రామ్యభాషీయుడు తెలివిలేనివాడన్నంత దూరము పోయెను. గిడుగు రామమూర్తిగారు (1863–1940) వ్యావహారికపక్షమున చేసిన వాదమున ఒక ముఖ్యాంశము, గ్రామ్యమని ఈసడించు పండితుల రచనలలోనే వారి నియమములకు లొంగని రూపములున్నవని చూపుట. వెల కట్టు అధికారము ఎవరికి గలదన్నదే అందలి ప్రశ్న. ఈ వ్యాసమును గ్రాంథికముననే వ్రాయుచున్న మేము ఆ ప్రశ్నను తప్పించుకొనజాలము. ఒక రచనలో ఒక రూపమును వలదనుట శైలికి సంబంధించినది. ఆ రూపమును పలుకు నోటిని చులకన చేయుట అన్యాయము. మొదటిది చేయుచు రెండవదానిలోనికి జారిపోవుట ఎంత సులభమో ఆ వివాదచరిత్ర చెప్పుచున్నది.

విమర్శ అను మాటయే ఇట్టి జారుడుబండపై నున్నది. సంస్కృతమున విమర్శము ఆలోచించుట, పరామర్శించుట. నేడు ఒకరిని విమర్శించెనన్నచో తప్పుపట్టెననియే లోకము గ్రహించును. అధ్యాపకులమై ప్రతి సంవత్సరము పదులకొలది వ్యాసములపై అభిప్రాయములు వ్రాయు మేము ఏ విమర్శ చేయుచున్నామో సరిచూచుకొనవలెను. విద్యార్థి పనిని వలదనుట మా విధి. విద్యార్థి వెలను తగ్గించుట మా విధి కాదు. తెలుగున అభిప్రాయము వ్రాయునపుడు 'ఈ పద్ధతి వలదు', 'ఇది విడువదగినది' అను మాటలు మనకుండగా, ఖండనములను, గర్హలను వెదకికొననేల?

మేము చెప్పినదానిని సంగ్రహించెదము. కర్మ ఒక పనియైనచో 'వలదను', 'వారించు', 'కూడదను' అను క్రియలును, న్యాయభాషలో 'సమ్మతింపదగనిదని పలుకుట' యు, చేష్టల వర్ణనమున 'వలదన్నట్లు' అనునదియు, కంప్యూటరు పరిభాషలో 'వర్జనీయము' అనునదియు, ఆత్మవిషయమున 'తగ్గించుకొని పలుకుట' యు ఉచితములు. ఖండించు, నిందించు, తెగడు అనువానిని వానికి తగిన ఆంగ్లపదములకే విడిచిపెట్టవలెను.

ఆ విద్యార్థికి ఆనాడు మేము ఇంతగా చెప్పలేదు. ఆ వాక్యమును తెలుగున తిరిగి వ్రాసి చూపితిమి: మూలమును చూడక ఉదాహరించు పద్ధతి వలదని పరీక్షకులు కోరుచున్నారు. అతడు దానిని రెండుమార్లు చదివెను. ప్రకరణమును తొలగింపలేదు. నాలుగు మాసములు గ్రంథాలయమున కూర్చుండి మూలములను చూచెను. ఇతరులు ఉదాహరించిన వానిలో మూడుచోట్ల పాఠము తప్పియుండుట అపుడు బయటపడెను. పరీక్షకులు వలదన్నది ఎందులకో ఆ మూడు తప్పులు అతనికి నిఘంటువుకంటె స్పష్టముగా తెలిపినవి.